రెజొనెన్స్ పెంచితే ఒక స్వరం మోగుతోంది, పక్కది పడిపోతోంది

శాంప్లర్‌లో, అంటే రికార్డు చేసిన శబ్దాలను (శాంపిళ్లను) మీటలతో వాయించే సాధనంలో, ఒక శాంపిల్ మీద లోపాస్ ఫిల్టర్ (కటాఫ్ అనే హద్దుకు పైనున్న పౌనఃపున్యాలను తగ్గించేది) పెట్టి రెజొనెన్స్ (ఆ హద్దు దగ్గర శబ్దాన్ని ఉబ్బించే అమరిక) పెంచారు. ఒక స్వరం చెవులు గింగురుమనేలా మోగుతోంది, పక్కది పేలవంగా ఉంది. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే శాంపిళ్ల వాల్యూమ్ మీద పడతారు. దయచేసి దాన్ని ముట్టుకోకండి. ముందు రెజొనెన్స్‌ను సున్నాకు దించి అవే స్వరాలు వరుసగా వాయించండి. తేడా అలాగే ఉంటే తప్పు శాంపిళ్లదే. మాయమైతే ఫిల్టర్‌ది. పది సెకన్ల ఈ పరీక్షను వదిలేసి గంటలు పోగొట్టుకునేవారిని చూసి చూసి విసుగెత్తింది.

తప్పు ఫిల్టర్‌దని తేలితే కీ ట్రాకింగ్ (నొక్కిన మీటను బట్టి కటాఫ్‌ను జరిపే అమరిక) చూడండి. కొన్ని శాంప్లర్లలో దీని పేరు కీ ఫాలో. అది సున్నా మీద ఉంటే మీరు ఏ మీట నొక్కినా కటాఫ్ ఒకేచోట ఉంటుంది. ఉదాహరణకు కటాఫ్ 880 హెర్ట్జ్ దగ్గర ఉంది, రెజొనెన్స్ అక్కడే శిఖరం లేపింది. 220 హెర్ట్జ్ స్వరానికి నాలుగో హార్మోనిక్ (స్వరంలోనే కలిసి ఉండే నాలుగు రెట్ల పౌనఃపున్యం) సరిగ్గా 880. అందుకే అది మోగిపోతుంది. పై మీట 233 హెర్ట్జ్. దాని మూడో హార్మోనిక్ 699, నాలుగోది 932. శిఖరం రెండింటి మధ్య ఖాళీలో పడింది.

ఒకసారి బాస్ గిటార్ శాంపిళ్లన్నిటికీ మీట మీటకూ వాల్యూమ్ సరిచేశాను. మర్నాడు కటాఫ్ కాస్త జరపగానే మోగే స్వరాలు మారిపోయాయి. ముందురోజు తగ్గించినవి ఇప్పుడు వినిపించనే లేదు. అంతా మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

ట్రాకింగ్‌ను 100 శాతం చేయండి. స్వరం ఒక స్థాయి (ఆక్టేవ్) పెరిగితే కటాఫ్ కూడా రెట్టింపవుతుంది, శిఖరం ప్రతి స్వరానికీ అదే హార్మోనిక్ మీద నిలుస్తుంది. ఇక్కడ మరో మెలిక ఉంది. చాలా శాంప్లర్లు ట్రాకింగ్‌ను 60వ మీట (MIDI లెక్కలో మధ్య C) నుంచి లెక్కిస్తాయి. 220 హెర్ట్జ్ స్వరం 57వ మీట కాబట్టి ట్రాకింగ్ వేయగానే 880 కాస్తా 740కి దిగుతుంది. శబ్దం మందగించిందని ట్రాకింగ్ తీసేయకండి, కటాఫ్‌ను చెవితో మళ్లీ పైకి తెచ్చుకోండి. గొంతు శాంపిళ్లకు మాత్రం 100 వద్దు, చిన్నపిల్లల గొంతులా మారుతుంది, సగం చాలు.

ట్రాకింగ్ సరిగా ఉన్నా గరగర వస్తే శిఖరం పరిమితి దాటుతోంది. 12 డెసిబెల్‌ల శిఖరం ఆ హార్మోనిక్‌ను దాదాపు నాలుగు రెట్లు చేస్తుంది, ఫిల్టర్‌కు ముందే మొత్తం వాల్యూమ్ తగ్గించండి. కటాఫ్ తిప్పినా ఏ మార్పూ లేకపోతే ఎన్వలప్ (మీట నొక్కాక కటాఫ్‌ను కాలంతోపాటు కదిలించే అమరిక) దాన్ని పూర్తిగా తెరిచి ఉంచి ఉంటుంది. వాయించకుండానే ఈల వినిపిస్తే ఫిల్టర్ తనంతట తానే ఊగుతోంది, రెజొనెన్స్ కాస్త దించండి.