కాఫీ చేదెక్కితే చక్కెర కన్నా ముందు ఉప్పు

కాఫీ మరీ చేదుగా వచ్చిందా? చక్కెర డబ్బా మూత తీసే ముందు ఓసారి ఉప్పు వేసి చూడండి. చిటికెడు కూడా వద్దు, వేళ్ళ కొసలకు అంటుకున్న నాలుగు రవ్వలు చాలు. బాగా కలిపి తాగండి. ఉప్పగా తగిలిందంటే ఎక్కువైనట్టే.

తీపిని పట్టుకోవడానికి నాలుక మీద ప్రధానంగా ఉన్నది ఒకటే రకం గ్రాహకం, రెండు ప్రోటీన్లు జతకట్టి తయారైనది. చేదుకైతే సుమారు 25 రకాలున్నాయి! ప్రకృతిలో చాలా విషాలు చేదుగానే ఉంటాయి మరి, కాపలా గట్టిగా ఉండాలి కదా. అందుకే చేదు రవ్వంత ఉన్నా దొరికిపోతుంది, తీపికేమో చెంచాలు చెంచాలు పోయాలి. ఉప్పులోని సోడియం చాలా రకాల చేదును నాలుక దగ్గరే అణచేస్తుంది. చేదు తగ్గగానే దాని చాటున నక్కిన తీపి బయటపడుతుంది. అన్ని చేదుల మీదా ఒకేలా పనిచేయదు, అదొక్కటి గుర్తుంచుకోండి.

ఇంకో మాట. తీపి సరిపోయిందా అని చూసేటప్పుడు, ఏ వేడిలో తాగబోతున్నారో ఆ వేడిలోనే రుచి చూడండి. తీపి కబురును నాలుక మీది రుచి కణం లోపల ముందుకు నడిపే టీఆర్‌పీఎం5 అనే ద్వారం 15 నుంచి 35 డిగ్రీల మధ్య వేడి పెరిగేకొద్దీ చురుగ్గా తెరుచుకుంటుంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ వెగటు పుట్టించేంత తియ్యగా ఉండేది ఇందుకే. చల్లగా తాగే షర్బత్‌లో చక్కెర గోరువెచ్చగా ఉన్నప్పుడు సరిచూశారో, ఫ్రిజ్‌లోంచి తీశాక చప్పగా తగులుతుంది.