జీడిపిక్కల కాలానికి ముందు గుండె జబ్బున్నవాళ్లు చూసుకోవాల్సినవి

ఇంకొన్నాళ్లలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు ఏరడం మొదలవుతుంది. తెల్లారగట్ల తోటలోకి దిగితే మిట్టమధ్యాహ్నానికి గానీ బయటపడరు. స్టెంట్ వేయించుకున్నవాళ్లూ వెళ్తారు, బీపీ మాత్ర మింగేవాళ్లూ వెళ్తారు. ఆగమంటే ఆగేవాళ్లు కాదు కాబట్టి, వెళ్లేముందు చూసుకోవాల్సినవి చెబుతాను.

మొదట ఆకుపచ్చ గుళికల సంగతి. స్టెంట్ పడ్డాక మా బావ మందుల షాపులో అడిగి విటమిన్ ఇ సీసా తెచ్చుకున్నాడు. "గుండెకి తుప్పు పట్టకుండా కాస్తాదట" అన్నాడు. ఆ మాట పూర్తిగా అబద్ధమైతే కొట్టిపారేసేవాణ్ణి. సగం నిజం, అదే చిక్కు.

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. అందుకు కావలసిన శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా గుండె కండర కణంలో ఇంచుమించు మూడో వంతు చోటు ఆక్రమించి ఉంటాయి. పొయ్యి రాజుకున్న చోట నిప్పురవ్వలు ఎగరక తప్పదు కదా. అక్కడ ఆక్సిజన్ ఖర్చయ్యేటప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు పక్కకు జారి ఫ్రీ రాడికల్స్ పుడతాయి, అంటే కుదురులేక తగిలినదాన్నల్లా చెడగొట్టే కణికలు. బావ చెప్పిన తుప్పు ఇదే. అవి కణం పొరలోని కొవ్వునీ, ప్రొటీన్లనీ, డీఎన్ఏనీ పాడుచేస్తాయి. మూసుకుపోయిన నాళం తెరుచుకుని రక్తం ఒక్కసారిగా వచ్చినప్పుడు ఇవి మరీ ఎక్కువగా రేగుతాయి. ఈ రవ్వలార్పడానికి ఒంట్లో సొంత కాపలా ఉంది. మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు 1969లో కనిపెట్టిన సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అనే ఎంజైము ఒకటి, కాటలేజ్, గ్లూటాథయోన్ మిగతావి. తిండిలోంచి వచ్చే విటమిన్ ఇ కణం పొరలో నిలబడి రవ్వను తన మీద వేసుకుంటుంది. అలా చెడిన దాన్ని విటమిన్ సి మళ్లీ పనిలోకి తెస్తుంది.

మరి గుళికగా మింగితే? 2000లో వెలువడిన హోప్ అనే పెద్ద వైద్య పరీక్షలో గుండె జబ్బు ముప్పున్న 9 వేల మందికి పైగా తీసుకున్నారు. సగం మందికి రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ, మిగతావాళ్లకు మందు లేని ఉత్త గుళిక. నాలుగున్నరేళ్లు చూసినా గుండెపోట్లు తగ్గలేదు. ఆ పరీక్షనే పొడిగించి చూస్తే, 2005 నాటికి విటమిన్ ఇ మింగినవాళ్లలోనే గుండె బలహీనత కేసులు ఎక్కువగా తేలాయి. ఆ డబ్బులు డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్రకు పెట్టండి. దాన్ని మాత్రం మానొద్దు.

చుట్ట తాగేవాళ్లకు ఇంకో మాట. మా పెద్దమ్మ అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, చేతులు రెండూ ఖాళీగా ఉంచుకుని పిక్కలు ఏరేది. అంగిలి తెల్లగా గట్టిపడిపోయింది. పొగ అంటేనే ఫ్రీ రాడికల్స్ కట్ట, ఏ గుళికా దానికి విరుగుడు కాదు. ఫిన్లాండులో పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్ (క్యారెట్‌లో ఉండే రంగు పదార్థం) మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది. ఈ సీజన్‌కైనా చుట్ట ఆర్పండి.

తిండిలో ఉన్నదాన్ని మాత్రం వదులుకోవద్దు. చోళ్లు (రాగులు) పొట్టుతోనే ఆడించండి, రవ్వలార్పే పాలీఫినాల్స్ ఎక్కువగా ఆ పొట్టులోనే ఉంటాయి. తోటలో పిక్క తీసుకుని పండును గట్టున పారేస్తాం కదా, ఆ జీడిమామిడి పండులో కమలాపండు కన్నా ఎన్నో రెట్లు విటమిన్ సి ఉంటుంది. ముక్కలు కోసి ఉప్పునీళ్లలో నానబెడితే గొంతు పట్టే వగరు తగ్గుతుంది. పచ్చిపిక్క పెంకులోంచి కారే జీడి మాత్రం పెదవికి తగలనివ్వకండి, బొబ్బలెక్కుతుంది. కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచి వడలు వేయడం మానండి. అది మూకుడులోనే ఆక్సీకరణ చెందిన కొవ్వు.

ఇక్కడే ఉద్దానం వాళ్లు ఆగి చదవాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని వీధి తక్కువ. క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టలేక రక్తంలో మిగిలే వ్యర్థం) పెరిగినవాళ్లకు కొబ్బరినీళ్లు, పళ్లరసాల్లోని పొటాషియం బయటకు పోక గుండె లయనే దెబ్బతీయవచ్చు. విటమిన్ సి మాత్రలు ఎక్కువైతే ఆక్సలేట్‌గా మారి కిడ్నీలో పేరుకుంటాయి. గుండెకు మంచిదని ఎవరో చెప్పింది మీకు విషం కావచ్చు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు మునగాకు, తోటకూర ఒకరోజు గంపెడు, మరో వారం అసలు లేకుండా తినకూడదు. రోజూ ఒకే కొలతలో తినాలి.

ఎండలో చర్మానికి రక్తం ఎక్కువ పంపడానికి గుండె వేగం పెంచుకుంటుంది. ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్లు సీజన్‌కు ముందే డాక్టరును కలిసి మోతాదూ, రోజుకు ఎంత నీరు తాగొచ్చో అడగాలి. సొంతంగా మార్చుకోవద్దు. పొద్దున్న పదిలోపు తోటలోంచి బయటికి వచ్చేయండి.

గుండెలో బరువుగా ఉండి, ఎడమ చెయ్యో దవడో లాగుతూ చెమటలు పడితే గ్యాసని సోడా తాగుతూ కూర్చోవద్దు, బండి మీద వెనక కూర్చుని బయల్దేరవద్దు. 108కి ఫోన్ చేయండి. తోటలో ఎక్కడున్నారో చెప్పడానికి దగ్గరి గుడి పేరో బడి పేరో ఇవాళే గుర్తుపెట్టుకోండి.