నర్సింగ్ విద్యార్థికి పరిశోధన – 3వ పాఠం: అంశాన్ని చేతికి అందేలా చెక్కడం

ఆసుపత్రి పోస్టింగులో మీ మనసును కలవరపెట్టిన మూడు విషయాలు నోటుబుక్కులో రాసుకోమని కిందటి పాఠంలో చెప్పాను. ఈసారి వాటిలో ఒకదాన్ని పట్టుకుని పరిశోధనకు పనికివచ్చేలా చెక్కుదాం.

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గర బీఎస్సీ చివరి సంవత్సరం చదివే ఒక అమ్మాయి తెచ్చిన అంశం ఇది: "గజపతి జిల్లా గిరిజన స్త్రీలలో రక్తహీనత". మంచి మనసుతో ఎంచుకున్న అంశమే. కానీ జిల్లాలో ఎక్కువ భాగం కొండలు. ఊరూరా తిరగడానికి ఆమెకు సెలవు లేదు, రక్తపరీక్షలకు డబ్బు లేదు, చేతిలో ఉన్నవి నాలుగు వారాలు. అయినా ఆ అంశాన్ని నేను కొట్టేయలేదు.

"ఇందులో నిన్ను బాధపెట్టింది ఏమిటమ్మా?" అని అడిగాను.

"మాత్రలు ఇంటికి తీసుకువెళ్తున్నారు మేడమ్, మింగడం లేదు" అంది.

గర్భిణులను చూసే యాంటీనేటల్ క్లినిక్‌లో ఒక గర్భిణి కొంగు ముడి విప్పి, రక్తహీనత రాకుండా ఇచ్చే ఐరన్ ఎర్రమాత్రల స్ట్రిప్పు చూపించిందట. నెల కిందట ఇచ్చిన ఆ స్ట్రిప్పులో నాలుగు గుంటలే ఖాళీ. మలం నల్లగా వస్తోందని భయపడి మానేసిందట. ఐరన్ వాడితే మలం నల్లబడడం మామూలే, దానివల్ల ప్రమాదం లేదు. ఆ ఒక్క మాట ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు. నా విద్యార్థినికి దొరికిన అసలు అంశం ఆ కొంగు ముడిలోనే ఉంది.

ఇది చేతికి ఎందుకు అందుతుందో చూడండి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు వాడాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోని నియమం. ఎన్ని మింగాలో ముందే తెలుసు కాబట్టి ఎన్ని మింగారో లెక్కపెడితే చాలు, కొలత దొరికినట్లే. అయితే ఒక మెలిక ఉంది. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గినవారికి, రక్తహీనత మరీ తీవ్రం కాకపోతే, చికిత్సగా రోజుకు రెండు మాత్రలు ఇస్తారు. రెండు రకాలవారినీ ఒకే లెక్కలో కలిపితే ఫలితం పాడవుతుంది. అందుకని "రోజుకు ఒక మాత్ర వాడవలసినవారు మాత్రమే" అని మొదటే రాసుకున్నాం. ఖాళీ గుంటలన్నీ మింగినవే అనుకోకూడదు, పారేసినవీ ఉంటాయి. అందుకే స్ట్రిప్పు చూడడంతో పాటు అడగడం కూడా ఉండాలి.

ఇక మనుషుల లెక్క. చాలామంది విద్యార్థులు వదిలేసేది ఇదే, చివరి వారంలో ఏడిపించేదీ ఇదే. వారానికి ఒక రోజు క్లినిక్, ఆ రోజు మీ షరతులకు సరిపోయేవారు పదిహేనుమంది వస్తారనుకోండి. నాలుగు వారాలకు అరవైమంది. అందులో కొందరు ఒప్పుకోరు, కొందరు స్ట్రిప్పు ఇంట్లో మరిచి వస్తారు, ప్రశ్నలను ముందుగా పరీక్షించి చూసుకోవడానికి కొందరిని పక్కన పెట్టాలి. మిగిలేది నలభై అనుకుని మీ గైడ్‌తో మాట్లాడండి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు పరీక్షలు జరుగుతాయి. ఆ రోజు రద్దీని చూసి మిగతా రోజులను అంచనా వేయకండి.

తరువాత భాష. మన వైపు ఒకే బెంచీ మీద తెలుగు, ఒడియా, సవర గిరిజనుల భాష సవర వినిపిస్తాయి. మీకు సవర రాకపోతే, వెంట వచ్చిన అత్తగారి నోటి మీదుగా "మాత్రలు ఎందుకు మానేశావు" అని అడిగితే నిజం రాదు. చదువుకున్న సవర అమ్మాయిని జట్టులో చేర్చుకోండి. ప్రశ్నలను సవరలోకి మార్చాక, మొదటి తెలుగు ప్రశ్నలను చూడని మరొకరి చేత తిరిగి తెలుగులోకి చెప్పించుకుని పోల్చండి. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. కొండ దిగి వచ్చిన తల్లి మాటను ఆమె భాషలోనే వినాలన్న పట్టుదల మనకూ ఉండాలని నా గట్టి కోరిక.

నీతి సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి, ఆసుపత్రి అనుమతి రాకముందు ఒక్కరినీ ప్రశ్నలు అడగకూడదు. ఒప్పుకోనివారికి సేవలో తేడా రాదని ముందే చెప్పాలి.

ఇన్నిటి తరువాత మా అమ్మాయి అంశం ఇలా తేలింది: "ఒక ప్రభుత్వ ఆసుపత్రి యాంటీనేటల్ క్లినిక్‌కు వచ్చే గర్భిణులు ఐరన్ మాత్రలు ఎంత క్రమంగా వాడుతున్నారు, మానేసినవారు చెప్పే కారణాలు ఏమిటి?" జిల్లా పోయింది, రక్తపరీక్ష పోయింది. ఆమెను బాధపెట్టిన విషయం మాత్రం చెక్కుచెదరలేదు.

వచ్చే పాఠంలో ప్రశ్నావళి తయారుచేద్దాం. అంతలోపు ఇన్‌ఛార్జి సిస్టర్ అనుమతితో మీ వార్డు రిజిస్టరులో గత మూడు నెలల పేజీలు తిప్పి, మీ షరతులకు సరిపోయినవారు వారానికి ఎందరో లెక్కపెట్టండి. పేర్లు రాసుకోవద్దు, అంకె చాలు.