స్పోర్ట్స్ కారుకు ఆయిల్, ఫిల్టర్ మార్చే ముందు

నెల్లూరులో మే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కదా అని మెకానిక్ మాటమీద చిక్కటి ఆయిల్ పోయించకండి. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 (ఆయిల్ చిక్కదనం గ్రేడు) ఉంటే అదే. డబ్బా వెనక కారు కంపెనీ అప్రూవల్ కోడ్ చూడండి. టర్బో ఇంజన్‌కు 'సింథటిక్' అన్న మాటొక్కటే చాలదు.

ఫిల్టర్ పార్ట్ నంబరుతోనే కొనండి. మరలు కలిసినా లోపలి బైపాస్ వాల్వ్ (ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ను పక్కదారిన పంపే కవాటం) మరీ తక్కువ ఒత్తిడికే తెరుచుకుంటే వడకట్టని ఆయిలే ఇంజన్‌లోకి పోతుంది. పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుందేమో వేలితో తడమండి. రెండు రింగులు పడితే కావలి దాటకముందే ఆయిలంతా కారిపోవచ్చు. కొత్త రింగుకు ఆయిల్ రాయండి.

పాత ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయండి. హైవే మీంచి రాగానే విప్పొద్దు, చెయ్యి కాలుతుంది. మాన్యువల్‌లో చెప్పినదానికన్నా అర లీటరు తక్కువ పోసి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూస్తూ నింపండి. ఎక్కువైతే నురగ కడుతుంది.