ఇంటర్ కెమిస్ట్రీ రివిజన్: ముందు మోల్ గట్టిపడాలి

ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ రివిజన్ అనగానే చాలామంది మొదటి అధ్యాయం తెరిచి వరుసగా చదువుకుంటూ పోతారు. చదివిందే మళ్లీ చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. లెక్క ఇచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. వాయువులు, ద్రావణాలు, సమతాస్థితి, ఏ అధ్యాయంలో లెక్క తప్పినా వెనక్కి తిరిగి చూడండి, పొరపాటు చాలాసార్లు మోల్ దగ్గరే, అంటే 6.022 × 10²³ కణాలను ఒక్క గుంపుగా లెక్కపెట్టే కొలత దగ్గరే, దొరుకుతుంది. అందుకే రివిజన్ అక్కడ మొదలవ్వాలి.

పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద ఈ నాలుగింటికి జవాబు రాయండి. 9 గ్రాముల నీటిలో మోల్‌లు ఎన్ని? అణువులు ఎన్ని? హైడ్రోజన్ పరమాణువులు ఎన్ని? అన్నీ కలిపి పరమాణువులు ఎన్ని? వరుసగా 0.5, 3.011 × 10²³, 6.022 × 10²³, 9.033 × 10²³ రావాలి. మొదటిది తప్పితే అణుభారం కట్టడం దగ్గర లోపం ఉంది. రెండు సరిగ్గా వచ్చి మూడోది తప్పితే అణువుకూ పరమాణువుకూ తేడా ఇంకా మనసుకు ఎక్కలేదు. ఇది అందరూ పడే గుంటే. ‘ఒక మోల్ ఆక్సిజన్’ అంటే వాయువు, 32 గ్రాములు. ‘ఒక మోల్ ఆక్సిజన్ పరమాణువులు’ అంటే 16 గ్రాములు. ప్రశ్నలో ఆ ఒక్క మాట కింద గీత గీసుకున్నాకే లెక్క మొదలుపెట్టండి.

పాత నోట్సుతో చదివేవాళ్లు రెండు విషయాలు సరిచేసుకోవాలి. 12 గ్రాముల కార్బన్-12లో ఉన్నన్ని కణాలు ఒక మోల్ అనేది పాత నిర్వచనం. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు. లెక్కలో తేడా రాదు కానీ నిర్వచనం అడిగితే కొత్తదే రాయండి. రెండోది వాయువు ఘనపరిమాణం. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర పీడనం 1 అట్మాస్ఫియర్ అయితే మోల్‌కు 22.4 లీటర్లు, 1 బార్ అయితే 22.7 లీటర్లు. ప్రశ్నలో పీడనం ఏ యూనిట్లలో ఉందో చూసి అంకె ఎంచుకోండి. ఈ అంకెలు వాయువులకే. 18 గ్రాముల నీటికి 22.4 లీటర్లు అని రాసేవాళ్లున్నారు. గ్లాసులో ఆ నీరు దాదాపు 18 మిల్లీలీటర్లే!

సమీకరణం తుల్యం చేయడానికి వంటగ్యాసులో ఉండే ప్రొపేన్ మంచి సాధన. అణువులో 3 కార్బన్‌లు, 8 హైడ్రోజన్‌లు. ముందు కార్బన్ సరిచేస్తే 3 కార్బన్ డయాక్సైడ్‌లు, తర్వాత హైడ్రోజన్ చూస్తే 4 నీళ్లు. ఆక్సిజన్‌ను చివరికి వదిలేయండి: కుడివైపు 6, 4 కలిసి 10 పరమాణువులు, అంటే 5 ఆక్సిజన్ అణువులు. ఇప్పుడు బరువు సరిచూడండి. ఎడమవైపు 44 + 160, కుడివైపు 132 + 72, రెండూ 204. ఫార్ములాలో కింద ఉండే అంకెను మాత్రం ఎప్పుడూ ముట్టుకోవద్దు. అది మారిస్తే పదార్థమే మారిపోతుంది.

గ్రాముల నుంచి గ్రాములకు అడ్డదారి లేదు. గ్రాములను మోల్‌లు చేయాలి, సమీకరణం చెప్పిన నిష్పత్తిలో రెండో పదార్థం మోల్‌లు కట్టాలి, మళ్లీ గ్రాములు చేయాలి. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయి కాల్చే లెక్కే తీసుకోండి. రాయి 25 గ్రాములు, స్వచ్ఛత 80 శాతం. అసలు కాల్షియం కార్బొనేట్ 20 గ్రాములు, అంటే 0.2 మోల్. పూర్తిగా కాలితే కార్బన్ డయాక్సైడ్ 0.2 మోల్, 8.8 గ్రాములు, సున్నం 11.2 గ్రాములు. ‘మిగిలిన ఘనపదార్థం ఎంత?’ అని అడిగితే 11.2 అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. కాలినా మారని మలినాలు 5 గ్రాములు అందులోనే ఉన్నాయి, కాబట్టి 16.2.

లిమిటింగ్ రియేజెంట్, అంటే చర్యలో ముందు అయిపోయే పదార్థం, దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి. ఇడ్లీకి గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ అనుకుందాం. మీ దగ్గర రెండు గ్లాసుల పప్పు, మూడు గ్లాసుల రవ్వ ఉన్నాయి. రవ్వే ఎక్కువ, అయినా ముందు అయిపోయేది రవ్వే. అమ్మోనియా తయారీలో 14 గ్రాముల నైట్రోజన్, 2 గ్రాముల హైడ్రోజన్ ఇచ్చారనుకోండి. మోల్‌లు 0.5, 1. ఒక్కోదాన్ని సమీకరణంలో దాని ముందున్న అంకెతో భాగించండి: నైట్రోజన్‌కు 0.5, హైడ్రోజన్‌కు 0.333. ఏది తక్కువైతే అది ముందు అయిపోతుంది, ఇక్కడ హైడ్రోజన్. అమ్మోనియా 0.667 మోల్, అంటే 11.33 గ్రాములు. మిగిలే నైట్రోజన్ 4.67 గ్రాములు. రెండూ కలిపితే 16, మొదట వేసిందీ 16. ఈ కూడిక అరనిమిషం పని, తప్పు ఉంటే అక్కడికక్కడే బయటపడుతుంది.

మొలారిటీకి, అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు ఉన్నాయో చెప్పే అంకెకు, ల్యాబ్‌లో చేసే ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణమే సరైన ఉదాహరణ. 0.1 మొలార్ ద్రావణం 250 మిల్లీలీటర్లు కావాలి. సీసాలోని స్ఫటికాల్లో రెండు నీటి అణువులు కలిసి ఉంటాయి కాబట్టి అణుభారం 126, తూచాల్సింది 3.15 గ్రాములు. ఆ నీటిని మరిచి 90తో కట్టి 2.25 గ్రాములు తూస్తే ద్రావణం 0.071 మొలార్ మాత్రమే అవుతుంది, టైట్రేషన్ అంతా దానితోపాటే తప్పుతుంది. స్ఫటికాలను ముందు కొద్ది నీటిలో కరిగించి, బీకరు కడిగిన నీటితో సహా స్టాండర్డ్ ఫ్లాస్కులో పోసి, నీటి వంపు అడుగుభాగం గీతను తాకేదాకా నింపండి. 250 మిల్లీలీటర్ల నీరు కొలిచి అందులో ఆమ్లం వేయడం వేరు, ద్రావణం మొత్తం 250 అయ్యేలా నింపడం వేరు.

ఆక్సీకరణ సంఖ్యలకు పావుగంట చాలు. మామూలుగా ఆక్సిజన్‌కు −2, హైడ్రోజన్‌కు +1. పెరాక్సైడ్‌లలో ఆక్సిజన్‌కు −1, లోహ హైడ్రైడ్‌లలో హైడ్రోజన్‌కు −1 అనే రెండు మినహాయింపులు కూడా గుర్తుంచుకోండి. పొటాషియం పర్మాంగనేట్‌లో పొటాషియం +1, నాలుగు ఆక్సిజన్‌లకు −8, కాబట్టి మాంగనీస్ +7 అని ఎవరైనా కట్టగలరు.

పీహెచ్‌లో అంకెలను సగటు చేయకండి. పీహెచ్ 2, పీహెచ్ 4 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్ల ద్రావణాలను సమంగా కలిపితే 3 రాదు. పీహెచ్ హైడ్రోజన్ అయాన్‌ల గాఢతను లాగరిథమ్‌లో చెప్పే అంకె. ఆ గాఢతలు 0.01, 0.0001, వాటి సగటు 0.00505, పీహెచ్ సుమారు 2.3.

తప్పిన ప్రతి లెక్కనూ జవాబు లేకుండా, ప్రశ్న మాత్రమే వేరే నోటుబుక్కులో ఎక్కించండి. పక్కన ఎందుకు తప్పిందో ఒక్క ముక్క: ‘పరమాణువు అనుకోలేదు’, ‘మలినం వదిలేశాను’. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత అవే లెక్కలు చూడకుండా చేయండి. మూడుసార్లూ సరిగ్గా వస్తే కొట్టేయండి. మూడోసారి కూడా తప్పితే ఇంకో లెక్క జోలికి వెళ్లకుండా మళ్లీ ఆ 9 గ్రాముల నీటి దగ్గరికి రండి.