ఎర్రనీరు దిగేలోగా ఫిల్టర్ హౌస్‌లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వానలు పట్టుకోగానే గోదావరికి ఎర్రనీరు దిగుతుంది. ముందురోజు 10 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే లెక్క) ఉన్న టర్బిడిటీ, అంటే నీటి మడ్డితనం, తెల్లారేసరికి వందల్లోకి పోవచ్చు. ఎండాకాలంలో సరిపోయిన ఆలం (పటిక) ఆ నీటికి చాలదు, పోయినేడాది వరదకి వాడిన మోతాదూ కుదరదు. అందుకే ఈ నాలుగు నెలలూ జార్ టెస్ట్, అంటే ఎంత ఆలం కావాలో బీకర్లలో వేసి చూసే పరీక్ష, రోజూ చెయ్యాలి. నీటి రంగు మారితే ఆ పూటే మళ్లీ చెయ్యాలి.

10 గ్రాముల ఆలం దంచి లీటరు నీటిలో కరిగిస్తే, ఒక్కో మి.లీ.లో 10 మి.గ్రా. ఉంటుంది. నదినీళ్లు లీటరు చొప్పున ఆరు బీకర్లలో పోసి 2, 3, 4, 5, 6, 7 మి.లీ. వెయ్యండి. నిమిషానికి 100 చుట్ల వేగంతో ఒక నిమిషం, 30 చుట్లతో 20 నిమిషాలు కలిపి, అరగంట కదపకుండా వదిలేయండి. కలుపుతుండగానే బీకరు వెనక లైటు పెట్టి చూడాలి. పాలు విరిగినట్టు మడ్డి విడిపోయి, గసగసాలంత పలుకులై, వాటి మధ్య నీళ్లు తేటగా కనిపిస్తే ఆలం పట్టినట్టే. పొగ కమ్మినట్టు మసగ్గా ఉండిపోతే పట్టలేదు. తేటపడిన వాటిలో అన్నిటికన్నా తక్కువ ఆలం పడ్డ బీకరే ఆ రోజు లెక్క. లీటరుకి 40 మి.గ్రా. తేలితే, రోజుకి 10 లక్షల లీటర్ల ప్లాంటుకి 40 కిలోలు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. తేటపడలేదని ఆలం పెంచుకుంటూ పోతారు. ఆలం పనిచెయ్యాలంటే నీటిలో క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) ఉండాలి. 1 మి.గ్రా. ఆలం, కాల్షియం కార్బొనేట్ లెక్కన, సుమారు 0.5 మి.గ్రా. క్షారతని తినేస్తుంది. వాననీరు కలిసి నదిలో క్షారత పల్చబడేదీ, ఆలం ఎక్కువ పట్టేదీ ఒకేసారి. క్షారత అయిపోతే పీహెచ్ పడిపోయి, ఆలంలోని అల్యూమినియం గడ్డకట్టకుండా నీటిలోనే కరిగి ఇళ్లదాకా పోతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకి 0.03 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 0.2 దాకా. క్షారత చాలనప్పుడు కావాల్సింది సున్నం. రెండు బీకర్లలో ముందు సున్నపు నీళ్లు, తర్వాత ఆలం వేసి చూడండి, తేడా తెలిసిపోతుంది.

మే నెలాఖరుకే క్లారిఫైయర్ (మడ్డి అడుక్కి దిగే తొట్టి) ఖాళీ చేసి అడుగు బురద తీయించండి, డ్రెయిన్ వాల్వులు తిప్పి చూడండి. ఆలం బస్తాలు చెక్కల మీద పెట్టించండి.

ఫిల్టర్ బెడ్‌లో ఇసుక మందం కొలవండి, బురద ఉండలు కట్టి ఉంటే తీసేయండి. బ్యాక్‌వాష్ (కింది నుంచి నీళ్లు తోసి ఇసుక కడగడం) వాల్వు ఒక్కసారిగా తెరవొద్దు. ఆ తోపుకి కింది కంకర పొర కదిలిపోయి, ఇసుక సంపులోకి దిగుతుంది, ఆ బెడ్ మొత్తం ఎత్తి మళ్లీ పరవాల్సిందే. బ్యాక్‌వాష్ అయ్యాక మొదట వచ్చే నీళ్లు 1 ఎన్‌టీయూ లోపుకి వచ్చేదాకా బయటికి వదిలేయాలి. వృథా అనిపించినా, రోగకారక క్రిములు ఎక్కువగా దాటిపోయేది ఆ కాసేపట్లోనే.

పల్లెల్లో స్లో శాండ్ ఫిల్టర్ (ఇసుకలోంచి నీళ్లు నెమ్మదిగా దిగేది) ఉంటే మడ్డినీళ్లు నేరుగా వదలొద్దు, ముందు క్లోరిన్ కలపొద్దు. పైన ఉండే జీవపు పొరే నీటిని శుభ్రం చేస్తుంది, క్లోరిన్‌కి అది చచ్చిపోతుంది. పై ఇసుక గీకడం వరదకి ముందే, ఒక్కో బెడ్ చొప్పున ముగించండి, పొర మళ్లీ కట్టడానికి రోజులు పడుతుంది.

వరద మొదటి పోటులో నీరు మరీ మురికి. చెరువులోనో ట్యాంకులోనో నిల్వ ఉంటే ఆ కొన్ని గంటలు నది నుంచి నీళ్లు తోడే ఇన్‌టేక్ పంపు ఆపేయడమే మేలు. ఆపలేకపోతే సగం నీళ్లే తీసుకోండి, తేరుకోవడానికి రెట్టింపు సమయం దొరుకుతుంది.

క్రిములని చంపే బ్లీచింగ్ పొడికి చెమ్మ తగిలితే సత్తువ పోతుంది. 25 శాతం క్లోరిన్ ఉన్న పొడి అయితే 10 లక్షల లీటర్లకి, లీటరుకి 2 మి.గ్రా. క్లోరిన్ చొప్పున, 8 కిలోలు. కరిగించి, పై తేటే వాడండి. క్లోరిన్ కలిశాక అరగంట ఆగి నీళ్లు వదలండి. చిట్టచివరి కుళాయి దగ్గర రోజూ పరీక్షించి, లీటరుకి 0.2 మి.గ్రా. క్లోరిన్ కనిపించకపోతే మోతాదు పెంచి, సరిపడేదాకా నీళ్లు కాచి తాగమని ఊళ్లో టముకు వేయించండి.