దారి ఉందా అని అడిగితే గోడ కోసం వెతకండి

ఒక దీర్ఘచతురస్రం, దాని నిండా వృత్తాలు. కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూలకు, దీర్ఘచతురస్రం లోపలే ఉంటూ, ఏ వృత్తాన్నీ తాకకుండా వెళ్లగలమా, లేదా? కోడింగ్ ఇంటర్వ్యూలకు ప్రిపేర్ అయ్యేవాళ్లతో కూర్చున్నప్పుడు నేను ముందుగా ఇచ్చే ప్రశ్న ఇదే. దీనికి కోడ్ కొంచెమే, ఆలోచనే ఎక్కువ. అందుకే నాకిది అంత ఇష్టం.

వినగానే చాలామంది గ్రిడ్ (చదరపు గడులు) గీసి బీఎఫ్‌ఎస్ (ఒక్కో గడి నుంచి పక్క గడులకు విస్తరిస్తూ దారి వెతికే పద్ధతి) మొదలుపెడతారు. కాస్త ఆగి ఈ చిన్న లెక్క చూడండి. దీర్ఘచతురస్రం పొడవు 10, ఎత్తు 6, కింద ఎడమ మూల (0, 0). దాని నాలుగు భుజాలనే గోడలు అంటున్నాను. మొదటి వృత్తం కేంద్రం (3, 5), రెండోదానిది (4, 1). రెండింటి వ్యాసార్థం 2. మొదటిది పై గోడను తాకుతుంది, రెండోది కింది గోడను. కేంద్రాల మధ్య దూరం వర్గం 1 + 16, అంటే 17. వ్యాసార్థాల మొత్తం 4, దాని వర్గం 16. 17 పెద్దది కాబట్టి రెండూ తాకట్లేదు, మధ్యలో సుమారు 0.12 సందు ఉంది. ఉన్న ఒకే ఒక్క దారి అదే. ఒక యూనిట్ గడులతో గీసిన గ్రిడ్‌కు ఆ సందు కనపడదు, దారి లేదని చెప్పేస్తుంది. గడులు చిన్నవి చేద్దామంటే కోఆర్డినేట్లు 100 కోట్ల దాకా ఉండొచ్చు. ఈ మాట ఇంటర్వ్యూలో పైకే చెప్పండి: "గ్రిడ్ వాడితే జవాబు తప్పే అవకాశం ఉంది, మెమరీ కూడా చాలదు, అందుకే వదిలేస్తున్నాను." ఒక పద్ధతిని కారణం చెప్పి పక్కన పెట్టడం కూడా మార్కులు తెచ్చేదే.

ఇప్పుడు ప్రశ్నను తిరగేయండి. దారి ఎప్పుడు మూసుకుపోతుంది? వృత్తాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు ఒక గోడ నుంచి మరో గోడ దాకా తెగకుండా నిలబడినప్పుడు. అయితే ఏ రెండు గోడలు కలిసినా ప్రమాదం కాదు. ఎడమ గోడ, పై గోడ కలిస్తే ఒక మూల మాత్రమే తెగిపోతుంది, ఆ మూలతో మనకు పని లేదు. కుడి, కింది గోడలు కలిసినా అంతే. మిగతా నాలుగు జతలూ దారిని కోసేస్తాయి: ఎడమ–కింద, ఎడమ–కుడి, పైన–కింద, పైన–కుడి. కాబట్టి ఎడమ, పై గోడలను ఒక నోడ్‌గా (గ్రాఫ్‌లో ఒక్క బిందువుగా), కుడి, కింది గోడలను ఇంకో నోడ్‌గా పెట్టుకుంటే చాలు. ఇది బోర్డు మీద బొమ్మ గీసి చూపించండి. నోటితో చెబితే సగం మందికి అర్థం కాదు.

ఇక మిగిలింది యూనియన్ ఫైండ్, అంటే ఏది ఏ గుంపులో ఉందో గుర్తుపెట్టుకుంటూ గుంపులను కలుపుతూ పోయే పద్ధతి. ప్రతి వృత్తం ఒక నోడ్, వాటికి తోడు రెండు గోడ నోడ్‌లు. తాకుతున్న వృత్తాలను కలపండి, గోడను తాకే వృత్తాన్ని ఆ గోడ నోడ్‌తో కలపండి. చివరికి రెండు గోడ నోడ్‌లూ ఒకే గుంపులో ఉంటే దారి లేదు. 1000 వృత్తాలున్నా జతలు 5 లక్షల లోపే, క్షణంలో అయిపోతుంది. డీఎఫ్‌ఎస్‌తో (ఒక నోడ్ నుంచి దానికి తగిలే నోడ్‌ల వెంట చివరిదాకా వెళ్లి చూసే పద్ధతితో) చేసినా సరిపోతుంది.

కోడ్ మొదలుపెట్టే ముందు అడగాల్సినవి రెండున్నాయి. పై ఉదాహరణలో రెండో కేంద్రాన్ని (3, 1)కి జరపండి. దూరం సరిగ్గా 4, వృత్తాలు ఒక్క బిందువు దగ్గర తాకుతాయి. అది అడ్డా, కాదా? వృత్తాన్ని తాకకూడదంటే అడ్డే, కాబట్టి పోలికలో సమానం గుర్తు కూడా ఉండాలి. ఇలాంటి చోట స్క్వేర్ రూట్ తీస్తే దశాంశాల తేడాతో జవాబు తారుమారు కావచ్చు. వర్గాలనే పోల్చండి. కోఆర్డినేట్లు, వ్యాసార్థాలు 100 కోట్ల దాకా ఉంటే వ్యాసార్థాల మొత్తం వర్గం 4 పక్కన 18 సున్నాల దాకా పోతుంది. 64 బిట్ల పూర్ణాంకంలో పడుతుంది, 32 బిట్లలో పట్టదు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం: కేంద్రాలన్నీ దీర్ఘచతురస్రం లోపలే ఉంటాయా? ఉంటే హాయి. రెండు కేంద్రాలను కలిపే గీత కూడా లోపలే ఉంటుంది కాబట్టి, వృత్తాలు కలిసే చోటు ఆ గీత మీద లోపలే దొరుకుతుంది. బయట ఉంటే మాత్రం చిక్కు. అదే 10, 6 దీర్ఘచతురస్రానికి (9, 9), (13, 5) కేంద్రాలుగా వ్యాసార్థం 3 ఉన్న రెండు వృత్తాలు తీసుకోండి. ఒకటి పై గోడను తాకుతుంది, ఇంకోటి కుడి గోడను. కేంద్రాల దూరం వర్గం 32, వ్యాసార్థాల మొత్తం వర్గం 36, అంటే కలుస్తున్నాయి. కానీ కలిసేది (11, 7) చుట్టూ, బయట. కుడి మూలకు దారి తెరిచే ఉంది, మన కోడ్ మాత్రం లేదంటుంది. అందుకే కేంద్రాలను కలిపే గీతను వ్యాసార్థాల నిష్పత్తిలో విభజించే బిందువు లోపల ఉంటేనే ఆ రెండు వృత్తాలను కలపాలి. గోడ తాకిడి కూడా గోడ ఉన్నంత మేరకే కొలవాలి, దాన్ని అనంతంగా సాగే గీత అనుకోకూడదు. మొదలు, చివర మూలలు ఏదైనా వృత్తంలో ఉన్నాయేమో విడిగా చూసుకుంటే ఇంకా నిశ్చింత.

టైమ్ మిగిలితే సాధారణంగా వచ్చే తర్వాతి ప్రశ్న: ఎడమ గోడ నుంచి కుడి గోడ వైపు గుండ్రటి రోబో వెళ్లాలి, దాని వ్యాసం గరిష్ఠంగా ఎంత ఉండొచ్చు? ఇక్కడ గోడ నోడ్‌లు పైది, కిందిది మాత్రమే. వృత్తాల మధ్య, వృత్తాలకూ గోడలకూ మధ్య ఉన్న ఖాళీలన్నీ లెక్కించండి. రెండు గోడల మధ్య నేరుగా ఉన్న ఎత్తు కూడా అందులో ఒకటే. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతే ఆ ఖాళీ సున్నా. చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పెట్టి ఒక్కోటీ కలుపుతూ పోండి. పై గోడ, కింది గోడ మొదటిసారి ఒకే గుంపులో చేరేలా చేసిన ఖాళీయే ఆ హద్దు. తాకడం కూడా కుదరదంటే రోబో వ్యాసం దానికంటే కాస్త తక్కువగా ఉండాలి.